మిర్చి ప్లాంటులో హెంప్ సారం తీయొచ్చా? గుంటూరు నుంచి ఒక కేస్ స్టడీ

క్లయింటుది గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే హైవే పక్కన ఉన్న మిర్చి ఓలియోరెజిన్ యూనిట్. ఎండుమిర్చి పొడిలోంచి కారాన్నీ, ఎర్ర రంగునీ విడివిడిగా లాగి డ్రమ్ముల్లో ఎగుమతి చేస్తారు. ఒకప్పుడు హెక్సేన్, అసిటోన్‌తో నడిచేది. కొనేవాళ్లు సాల్వెంట్ అవశేషాల గురించి గట్టిగా అడగడం మొదలుపెట్టాక అప్పు చేసి సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ ప్లాంటు పెట్టారు. మంచి ప్లాంటు. తేజ మిర్చి మీద దాని సెట్టింగులు కుదిర్చింది నేనే. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, యార్డులో మిర్చి రేటు చుక్కలనంటిన ఏడాది అది సగం రోజులు ఖాళీగా ఉంటుంది. బ్యాంకు వాయిదాకి మాత్రం సీజన్ ఉండదు.

ఆ ఖాళీ రోజుల కోసం ఓనర్ గారి అబ్బాయి తెచ్చిన ఆలోచన హెంప్, అంటే మత్తు తక్కువుండే గంజాయి రకం. అందులోంచి మత్తు లేని సీబీడీ అనే పదార్థం తీసి మందుల కంపెనీలకు ముడిసరుకుగా అమ్మాలని. "మిషనుంది, మనుషులున్నారు. మిర్చి బదులు ఇది పోస్తాం. దాంట్లో పెద్ద తేడా ఏముంది సార్?" అని ఓనర్ గారు అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు రాసివ్వడమే నాకు అప్పగించిన పని.

ఒక్క గ్రాము హెంప్ కూడా గుంటూరు రాలేదని ముందే చెప్పాలి. మొక్క మీద ట్రయల్స్ అన్నీ ఉత్తరాదిలో, పరిశోధన అనుమతి ఉన్న ఒక ల్యాబులో జరిగాయి. మా దగ్గరికి వచ్చినవి కాగితాలే. బ్యాచ్ రికార్డులు, ఏ పదార్థం ఎంతుందో విడగొట్టి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష గ్రాఫులు, తూకం చీటీలు. ఈ కేసులో పనికొచ్చిన సంగతులన్నీ ఆ తూకం చీటీల్లోంచే బయటపడ్డాయి.

మిర్చితో పోలిక ఎంతవరకు

హెంప్, గంజాయి రెండూ ఒకే మొక్క, కన్నాబిస్ సటైవా. మత్తునిచ్చే టీహెచ్‌సీ తక్కువగా ఉండే రకాలను హెంప్ అంటున్నారు. ఉత్తరాఖండ్ 2018లో హెంప్ సాగుకి లైసెన్సులిచ్చినప్పుడు పెట్టుకున్న హద్దు 0.3 శాతం. మత్తు లేని సీబీడీ ఇదే రకాల్లో ఎక్కువగా ఉంటుంది. రెండూ ఆడ పువ్వు మీద ఉండే జిగట నూగులోనే తయారవుతాయి.

కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు, 74 బార్ దాటితే అటు గ్యాసూ కాదు, ఇటు ద్రవమూ కాదు. గ్యాసులా సందుల్లోకి చొచ్చుకుపోతుంది, ద్రవంలా కరిగించుకుంటుంది. మిర్చిలోని కాప్సైసిన్‌నీ పట్టుకుంటుంది, హెంప్‌లోని కన్నాబినాయిడ్లనీ (సీబీడీ, టీహెచ్‌సీ లాంటివి) పట్టుకుంటుంది. ప్రెషర్ తగ్గించగానే వదిలేస్తుంది. సెపరేటర్ కింద వాల్వు తిప్పితే జిగురు సారం దిగుతుంది. ఇంతవరకు ఓనర్ గారి మాట నిజమే.

తేడాలు ఆ ముందూ ఆ తర్వాతా ఉన్నాయి. మిర్చిలో కారం గింజలు అంటుకుని ఉండే తెల్ల పొరలో ఉంటుంది కాబట్టి బాగా మెత్తగా ఆడించాలి. హెంప్‌లో కావలసినది పైపైనే ఉంటుంది. దాన్ని మెత్తగా ఆడిస్తే కలిసొచ్చేదేమీ లేదు, పైగా ఆకు పసరు, మైనం ఎక్కువ దిగుతాయి. ముతకగా నలిపి, వెసల్లో ఎక్కువ పట్టడానికి గుళికలుగా నొక్కడం మేలు. ఇది చిన్న మార్పే. పాత పెల్లెట్ మిషను ఒకటి చూసుకుంటే సరిపోతుంది.

డీకార్బ్ అలా కాదు. పచ్చి మొక్కలో ఉండేది సీబీడీ కాదు, సీబీడీ ఆమ్లం. వేడి చేస్తే దాంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఊడిపోయి సీబీడీ మిగులుతుంది. అదే డీకార్బ్. ఆమ్లం అణుభారం 358.5, సీబీడీది 314.5. అంటే ప్రతి కిలో ఆమ్లంలో 123 గ్రాములు గాల్లో కలిసిపోతుంది. అందుకే ల్యాబ్ రిపోర్టుల్లో 'మొత్తం సీబీడీ' లెక్క కట్టేటప్పుడు ఆమ్లం విలువని 0.877తో గుణిస్తారు. పువ్వునే ముందుగా వేడిచేసేవాళ్లూ ఉన్నారు. ఈ ల్యాబు మాత్రం సారం తీశాక 110 డిగ్రీల పైన రియాక్టర్లో చేసింది. ఏడు కిలోల సీబీడీ తయారయ్యే బ్యాచిలో కిలో దాకా గ్యాసు వస్తుంది, అంటే 500 లీటర్ల పైమాటే. అదంతా తేనెలాంటి చిక్కటి జిగురులోంచి బుడగలై పొంగాలి. తొందరపడి వాక్యూమ్ పెడితే సరుకు కండెన్సర్లోకి పోతుంది. సాల్వెంట్ ఎగరగొట్టడం మాత్రమే తెలిసిన మా ఆపరేటర్లకి ఇది కొత్త పని. రియాక్టర్ని మూడో వంతుకి మించి నింపకూడదని రిపోర్టులో రాశాను.

తర్వాత మైనం. సారాన్ని పది రెట్ల ఇథనాల్లో కరిగించి, మైనస్ 20 నుంచి మైనస్ 40 డిగ్రీల్లో ఒక రాత్రి ఉంచితే మైనం తెల్లగా పేరుకుంటుంది. చల్లగా ఉండగానే వడకట్టాలి. దీన్నే వింటరైజేషన్ అంటారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో మైనస్ 40 పట్టే చిల్లరు, దాని కరెంటు బిల్లు, కరెంటు పోతే దాన్ని మోసే జనరేటరు... ఓనర్ గారు ఇక్కడ మొదటిసారి పెన్ను తీసి లెక్క రాసుకున్నారు. ఇథనాల్‌కి ఎక్సైజ్ పర్మిట్ వేరే, ఫైర్ ఎన్‌ఓసీ వేరే. వాళ్ల కార్బన్ డయాక్సైడ్ హాల్లో ఒక్క ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారూ లేదు. అవసరం పడలేదు కాబట్టి లేదు.

మందు అంటే ఎంత శుభ్రం

ఓలియోరెజిన్ వ్యాపారంలో కారం ఇంత శాతం, రంగు ఇన్ని యూనిట్లు అని ఉంటే సరుకు పోతుంది. అందులో మిగతాది ఏమిటని ఎవరూ అడగరు. మందు ముడిసరుకులో అడిగేదంతా ఆ మిగతాదాని గురించే.

ఎపిడియోలెక్స్ అనే మందు ఉంది. మొక్క నుంచి తీసిన శుద్ధ సీబీడీని నువ్వుల నూనెలో, మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాముల చొప్పున కరిగించి ఇస్తారు. డ్రావెట్, లెనాక్స్–గాస్టో అనే మొండి మూర్ఛ జబ్బులున్న పిల్లల కోసం అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జూన్‌లో దాన్ని ఆమోదించింది. 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జబ్బులో వచ్చే మూర్ఛని కూడా చేర్చింది. అందులో టీహెచ్‌సీ 0.1 శాతం దాటకూడదు.

ఈ 0.1 ఎందుకో ఓనర్ గారికి అర్థం కావడానికి ఒక చిన్న లెక్క వేసి చూపించాను. ఇరవై కిలోల బరువున్న బిడ్డకి, కిలోకి 20 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి 400 మిల్లీగ్రాముల సీబీడీ పడుతుంది. టీహెచ్‌సీ 0.1 శాతమైతే ఆ బిడ్డ లోపలికి పోయేది 0.4 మిల్లీగ్రాములు. అదే స్ఫటికాలుగా క్రిస్టలైజ్ చేయకుండా, దాని ముందు మెట్టు డిస్టిలేట్ (ఆవిరి చేసి శుద్ధి చేసిన సారం) దగ్గరే ఆపేసి ఇస్తే, కింద వేసిన లెక్క ప్రకారం 14 మిల్లీగ్రాములు పోతుంది. కీమోథెరపీ వాంతులకి పెద్దవాళ్లకిచ్చే టీహెచ్‌సీ మందు డ్రోనాబినాల్. దాని చిన్న క్యాప్సూల్లో ఉండేది 2.5 మిల్లీగ్రాములు. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆయనకీ మనవరాలుంది.

డిస్టిలేషన్ టీహెచ్‌సీని తీయదు. ఒక మిల్లీబార్ కంటే తక్కువ వాక్యూమ్‌లో, 160–180 డిగ్రీల దగ్గర, పలుచని పొరలా తుడిచే వైప్డ్ ఫిల్మ్ యూనిట్లో సారాన్ని నడిపిస్తే రంగు, బరువైన మలినాలు చాలావరకు వెనక మిగులుతాయి. కానీ సీబీడీ, టీహెచ్‌సీల మరుగు స్థానాలు దగ్గర దగ్గర కాబట్టి రెండూ కలిసే దిగుతాయి. విడదీసేది క్రిస్టలైజేషన్. సీబీడీ 66 డిగ్రీల దగ్గర కరిగే తెల్లటి ఘన పదార్థం. గోరువెచ్చని హెప్టేన్లో కరిగించి మెల్లగా చల్లబరిస్తే స్ఫటికాలు కడుతుంది. టీహెచ్‌సీ మాత్రం మామూలుగా స్ఫటికం కట్టని బంక. అది ద్రవంలోనే ఉండిపోతుంది. ప్రకృతి మనకి చేసిన పెద్ద ఉపకారం ఇదే.

అన్నీ అంత సులువుగా విడిపోవు. సీబీడీకి ఐదు కార్బన్ల తోక ఉంటుంది. మూడు కార్బన్ల తోకవాడు సీబీడీవీ, నాలుగు కార్బన్లవాడు సీబీడీబీ. ఇద్దరూ అచ్చం సీబీడీలాగే ఉండి స్ఫటికంలోకి దూరిపోతారు. మళ్లీ మళ్లీ క్రిస్టలైజ్ చేసినా కొంత వదలదు. మందుల మలినాలకి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐసీహెచ్ పెట్టిన మామూలు గీత ప్రకారం 0.10 శాతం దాటినది ఏదైనా ఏమిటో తేల్చి చెప్పాలి. హెప్టేన్, ఇథనాల్ ఒక్కొక్కటి 5000 పీపీఎం (పది లక్షల్లో 5000 వంతులు) వరకు ఒప్పుకుంటారు. హెక్సేన్ అయితే 290 మాత్రమే. ఓనర్ గారి పాత హెక్సేన్ ట్యాంకులు ఈ పనికి ముట్టుకోవద్దని అందుకే చెప్పాను. పైగా హెంప్ మొక్క నేలలోని కాడ్మియం, సీసం లాంటి లోహాలని బాగా పీల్చుకుంటుంది. పువ్వుతో పాటు పొలం మట్టి రిపోర్టు కూడా కొనుక్కోవాలన్నమాట.

వంద కిలోల పువ్వు వేస్తే

రిపోర్టులో అసలు పేజీ ఇది. కాగితం మీద వంద కిలోల ఎండు పువ్వు తీసుకున్నాను. మొత్తం సీబీడీ 8 శాతం, మొత్తం టీహెచ్‌సీ 0.28 శాతం. సాగు లైసెన్సులు చెప్పే 0.3 లోపలే ఉన్న, నికార్సయిన హెంప్. అంటే లోపలికి వెళ్లేది 8 కిలోల సీబీడీ, 280 గ్రాముల టీహెచ్‌సీ.

సారం తీయడంలో 90 శాతం వస్తుందనుకుందాం. డీకార్బ్ అయ్యాక సుమారు 14 కిలోల క్రూడ్ (ముడి సారం), అందులో 7.2 కిలోల సీబీడీ, 252 గ్రాముల టీహెచ్‌సీ. ఇప్పుడు టీహెచ్‌సీ శాతం చూడండి. 1.8. మనం ఏమీ కలపలేదు. ఉట్టి చెత్త తీసేశాం, అంతే. పువ్వుగా లోపలికి వచ్చినప్పుడు హద్దులో ఉన్న సరుకు, సెపరేటర్ వాల్వు దగ్గర దిగేసరికి హద్దుకి ఆరు రెట్లయింది.

వింటరైజ్ చేసి, డిస్టిల్ చేసి, మధ్యలో కొంత నష్టం వేసుకుంటే 8 కిలోల డిస్టిలేట్. అందులో సీబీడీ 6.5 కిలోలు, టీహెచ్‌సీ 230 గ్రాములు. క్రిస్టలైజేషన్లో 80 శాతం యీల్డ్ వస్తే 5.2 కిలోల తెల్లటి స్ఫటికాలు. స్పెక్ ప్రకారం వాటిలో టీహెచ్‌సీ 5.2 గ్రాముల లోపే. అందరూ ఫోటో తీసుకునేది ఈ స్ఫటికాలనే.

మిగతా 225 గ్రాములు ఎక్కడికి పోయింది? ఎంఎల్‌లోకి. ఫార్మా ప్లాంట్లలో పనిచేసినవాళ్లకి ఎంఎల్ అంటే చెప్పక్కర్లేదు. మదర్ లిక్కర్, స్ఫటికాలు వడకట్టాక మిగిలిన ద్రవం. హెప్టేన్ ఎగరగొడితే అది సుమారు 2.8 కిలోల బంక. 1.3 కిలోల సీబీడీ, దాదాపు అంతే బరువున్న ఇతర మలినాలు, 225 గ్రాముల టీహెచ్‌సీ. శాతం వేస్తే 8. అందులో ఇంకా కిలో పైన సీబీడీ ఉంది కదా అని ఎవరైనా ఆశపడి మళ్లీ క్రిస్టలైజ్ చేసి సగం లాగారనుకోండి, మిగిలే బంకలో టీహెచ్‌సీ 10 శాతం దాటుతుంది. యీల్డ్ పెంచినకొద్దీ వెనక మిగిలేది ఘాటెక్కుతుంది.

ఓనర్ గారి ప్లాను ఖాళీ నెలల్లో పది టన్నుల పువ్వు. అంటే 520 కిలోల స్ఫటికాలు, 280 కిలోల ఎనిమిది శాతం బంక. ఆ రెండో డ్రమ్ములు ఎవరి తాళం కింద ఉంటాయి, ఎవరు తూస్తారు, ఎవరి ఎదుట కాలుస్తారు? ప్రాజెక్టు రిపోర్టు రాసినవాళ్లు ఈ డ్రమ్ముల్ని 'ప్రాసెస్ వేస్ట్' అని ఒక్క మాటలో తేల్చేశారు.

లోపలికి వెళ్లినదానికంటే ఎక్కువ వచ్చింది

ఈ లెక్కని ల్యాబు ట్రయల్స్‌తో సరిచూడాలని కూర్చుంటే అసలు తిరకాసు మొదలైంది. ఒక బ్యాచిలో క్రూడ్‌లో ఉన్న టీహెచ్‌సీ గ్రాములకంటే, డిస్టిలేట్లో ఉన్నవి దాదాపు సగం ఎక్కువ తేలాయి. శాతం పెరగడం వేరు, అది చెత్త పోవడం వల్ల పెరుగుతుంది. గ్రాములు పెరగకూడదు.

మొదటి అనుమానం ఆమ్లం మీద. క్రూడ్‌లో టీహెచ్‌సీ ఆమ్లాన్ని లెక్కలోకి తీసుకోకుండా, డిస్టిలేషన్ వేడికి అది మారాక మాత్రమే కొలిస్తే ఇలాగే కనిపిస్తుంది. గ్రాఫులు తెప్పించి చూశాం. ఆమ్లం విలువ కూడా 0.877తో కలిపే ఉంది. డీకార్బ్ కూడా పూర్తయింది. తర్వాత తూకం మిషను కాలిబ్రేషన్ చూశాం, బాగానే ఉంది. సాంపిల్ తీసిన తీరు చూశాం. జిగురు సరుకు సరిగా కలవకుండా పైనుంచి తీస్తే తేడా వస్తుంది, కానీ ఇంత రాదు. అణువుల బరువు చూపే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో తేల్చమని ఓనర్ గారి అబ్బాయి అన్నాడు. దాంతో ఒక్కదాంతోనే తేలదు. సీబీడీ, డెల్టా-9 టీహెచ్‌సీ (ఇంతవరకు టీహెచ్‌సీ అన్నది ఇదే), దాని తోబుట్టువు డెల్టా-8 టీహెచ్‌సీ మూడింటి ఫార్ములా ఒకటే, బరువూ ఒకటే. హెచ్‌పీఎల్‌సీ కాలమ్ మీద విడగొట్టి చూస్తేనే తెలుస్తుంది.

దారి చూపింది మా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్. అందరూ బాబాయ్ అంటారు. ఓలియోరెజిన్‌లోకి రాకముందు గుంటూరులో పత్తిగింజల నూనె రిఫైనరీలో చాలా ఏళ్లు చేశారు. ఆయనకి కన్నాబినాయిడ్ల సంగతి ఏమీ తెలీదు. టేబుల్ మీద పరిచిన బ్యాచ్ ఫోటోలు చూస్తూ, "ఇంత నల్లటి సరుకు ఒక్క దెబ్బకి ఇలా తేటపడిందంటే మట్టి వేసుంటారు సార్" అన్నారు. రికార్డులో ఆ చోట 'ఫిల్టర్ ఎయిడ్' (వడపోత పొడి) అని మాత్రమే ఉంది. ఫోన్ చేసి అడిగితే ల్యాబు వాళ్లు ఒప్పుకున్నారు. రంగు తీయడానికి యాసిడ్ యాక్టివేటెడ్ బ్లీచింగ్ ఎర్త్, అంటే ఆమ్లం పట్టించిన మట్టి వాడారు.

నూనె మిల్లులో ఆ మట్టి మంచి పని చేస్తుంది. కానీ దాని మీద ఆమ్ల గుణం ఉంటుంది, అది వేడి సీబీడీకి తగిలితే అణువులో తెరిచి ఉన్న చోట ఉంగరం మూసుకుంటుంది. అదే టీహెచ్‌సీ. ఏదీ కలవనక్కర్లేదు, ఏదీ పోనక్కర్లేదు, అందుకే ఫార్ములా మారదు. ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదు, అమెరికాలో రోజర్ ఆడమ్స్ 1940ల మొదట్లోనే ఆమ్లంతో సీబీడీ ఇలా మారుతుందని చూపించారు. అదే బ్యాచి డిస్టిలేట్లో డెల్టా-8 పీక్ కూడా కొత్తగా మొలిచింది. ఈ ఇద్దరూ కలిసి రావడం ఆమ్లం పని అని చెప్పే గుర్తు.

నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే విలువైన సంగతి ఇదే. ఉత్పత్తి రంగు బాగుంది, అస్సే (సీబీడీ శాతం) బాగుంది, క్రిస్టలైజ్ చేస్తే స్ఫటికాల్లో టీహెచ్‌సీ స్పెక్‌లోనే ఉంది. చివరి సరుకుని మాత్రమే పరీక్షించి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ప్రతి మెట్టులో గ్రాములు తూచబట్టి తెలిసింది. చట్టం కళ్లతో చూస్తే ఆ ప్లాంటు టీహెచ్‌సీని వేరుచేయడమే కాదు, తయారుచేసింది కూడా.

తర్వాతి బ్యాచి మట్టి లేకుండా, ఆమ్ల గుణం కడిగేసిన యాక్టివేటెడ్ కార్బన్‌తో చేయించాం. రంగు కాస్త పసుపుగానే మిగిలింది. టీహెచ్‌సీ లెక్క మాత్రం కుదిరింది. స్ఫటికం ఎలాగూ తెల్లగా వస్తుంది, మధ్యలో రంగు కోసం పాకులాడడం దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ సందర్భంలోనే, మొక్క వద్దు, రసాయనంగా తయారుచేస్తే పీడ పోతుంది కదా అన్నాడు అబ్బాయి. ఆలివెటాల్ అనే రసాయనానికి టర్పీన్ ముక్క ఒకటి అతికించి సీబీడీ చేసే దారి ఉంది. ఆ అతుకు కూడా ఆమ్లంతోనే పడుతుంది. అక్కడా టీహెచ్‌సీ మలినంగా వస్తూనే ఉంటుంది. కాడ్మియం భయం, పొలం భయం ఉండవు, అంతే. అది ఎలాగూ వీళ్ల ప్లాంటు చేసే పని కాదు.

చట్టం డ్రమ్ముని ఏమని పిలుస్తుంది

ఇది లాయరు చెప్పాల్సిన భాగం. లాయరు దగ్గరికి వెళ్లేముందు ప్రాసెస్ ఇంజినీర్ చదవాల్సిన భాగం కూడా.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్, గంజాయి అన్నప్పుడు పువ్వు, కాయ ఉన్న కొసల్ని అంటుంది. కొసలు కలవని ఆకుల్నీ గింజల్నీ వదిలేస్తుంది. అందుకే హెంప్ గింజల నూనె అమ్మొచ్చు. 2021లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గింజనీ, నూనెనీ, పిండినీ ఆహారంగా ఒప్పుకుంది. అబ్బాయి ఆన్‌లైన్లో చూసి ఉత్సాహపడిన 'హెంప్ ఆయిల్' చాలావరకు ఇదే. గింజలో చెప్పుకోదగ్గ సీబీడీ ఉండదు. ఆయుర్వేదంలో విజయ పేరుతో ఆకుని వాడే మందులు వేరే దారి, దానికి ఆయుష్ లైసెన్సు ఉంటుంది. సీబీడీ నిండుగా ఉండేది పువ్వులో. పువ్వు దగ్గరికి రాగానే చట్టం మారిపోతుంది.

మొక్కలోంచి వేరుచేసిన జిగురు ఏ రూపంలో ఉన్నా, ముడిగా ఉన్నా శుద్ధి చేసినా, చట్టం దాన్ని చరస్ అంటుంది. గాఢమైన నూనె రూపం కూడా అందులోకే వస్తుంది. ఆ నిర్వచనంలో 0.3 శాతం అనే మాటే లేదు. మరో చోట అదే చట్టం, కన్నాబిస్ సారం దేన్నైనా 'మెడిసినల్ కన్నాబిస్' అని, దాన్ని 'తయారీ మందుల' (మాన్యుఫాక్చర్డ్ డ్రగ్స్) జాబితాలో చేరుస్తుంది. మా సెపరేటర్ వాల్వు కింద దిగే క్రూడ్‌ని ఏ పేరుతో పిలుస్తారన్నదాని మీద అంతా ఆధారపడి ఉంది. రాష్ట్ర ప్రభుత్వాలకి కన్నాబిస్ విషయంలో అనుమతులిచ్చే అధికారం సెక్షన్ 10లో ఉంది, కానీ అక్కడ చరస్ మినహా అని స్పష్టంగా రాసి ఉంది. నార కోసం, గింజ కోసం సాగుకి దారి చూపేది సెక్షన్ 14. అది సాగు గురించి, సారం గురించి కాదు. తయారీ మందుల తయారీకి అనుమతి కేంద్రం చేతిలో ఉంటుంది. అంటే ఏదో ఒక రాష్ట్రంలో రైతుకి హెంప్ లైసెన్సు ఉన్నంత మాత్రాన, ఆ పువ్వు లారీలో గుంటూరు వచ్చి మా వెసల్లో పడడానికి వీల్లేదు.

పరిమాణం సంగతి ఇంకా గట్టిది. చరస్‌కి కమర్షియల్ క్వాంటిటీ ఒక కిలో. దాటితే సెక్షన్ 20 కింద పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల కఠిన శిక్ష, లక్ష నుంచి మొదలయ్యే జరిమానా. మా లెక్కలో వంద కిలోల పువ్వు వేసిన ఒక్క బ్యాచికే ఎంఎల్ బంక 2.8 కిలోలు. మన్యంలో గంజాయి తోటలు నరికిస్తూ, 2024లో దీనికోసమే ఈగల్ అనే ప్రత్యేక విభాగం పెట్టిన రాష్ట్రంలో, "ఇది వేస్టండీ" అని చెప్పి ఒప్పించగలమా?

హెంప్ మీద అంతర్జాతీయంగా గాలి మారిందని కన్సల్టెంట్లు చెబుతున్నారు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ కన్నాబిస్‌ని కఠినమైన నాలుగో షెడ్యూల్ నుంచి తీసేసింది, భారత్ కూడా అందుకు ఓటేసింది. నిజమే. కానీ అదే కన్నాబిస్ ఒకటో షెడ్యూల్లో అలాగే ఉంది, మన చట్టంలో చరస్ నిర్వచనమూ అలాగే ఉంది.

ఏం చేశాం

గుంటూరు ప్లాంటులో హెంప్ వద్దని రాసిచ్చాను. కారణంగా చట్టాన్ని ఒక్కదాన్నే చూపించలేదు. ఈ పనిలో ఎక్స్‌ట్రాక్టర్ చిన్న భాగం. ఖర్చంతా డీకార్బ్ రియాక్టరు, చిల్లరు, వైప్డ్ ఫిల్మ్ యూనిట్, ఫ్లేమ్‌ప్రూఫ్ క్రిస్టలైజరు, నైట్రోజన్ కింద నిల్వ, సొంత హెచ్‌పీఎల్‌సీ, ఎంఎల్ కోసం రెండు తాళాల గది, అక్కడి నుంచి కాల్చే దాకా కెమెరా. ఓనర్ గారి దగ్గరున్నది వీటిలో ఏదీ కాదు. ఉన్న మిషను ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే తేలిగ్గా కొనగలిగే మిషను.

ఆయనకి రిపోర్టు అంతగా నచ్చలేదు. ఇంకో కన్సల్టెంట్‌ని కూడా పిలిపించుకున్నారు. ఆయన ఏం చెప్పారో నాకు తెలీదు, కానీ తర్వాత అబ్బాయి ఫోన్ చేసి ఎంఎల్ పేజీ ఎక్సెల్ ఫైలు పంపమన్నాడు. ఈసారి హెంప్ కోసం కాదు. తేజ మిర్చి సారం నుంచి కాప్సైసిన్ స్ఫటికాలు తీసి నొప్పి మందుల వాళ్లకి అమ్మే పని మీద. కాప్సైసిన్‌కీ తోడుదొంగలున్నారు, డైహైడ్రోకాప్సైసిన్, నార్‌డైహైడ్రోకాప్సైసిన్. అవీ స్ఫటికంలోకి దూరతాయి. అదృష్టమేమిటంటే అమెరికా ఫార్మకోపియా వాటిని మలినాలుగా తోసేయకుండా, కాప్సైసినాయిడ్ల మొత్తంలో ఎంతెంత ఉండొచ్చో గీత గీసి ఒప్పుకుంటుంది. ఎంఎల్‌లో మిగిలేది కూడా కారమే. దాన్ని తిరిగి ఓలియోరెజిన్ డ్రమ్ములో కలిపేసుకోవచ్చు, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. నేను మాత్రం ఆ పేజీలో గ్రాముల కాలమ్ తీయనివ్వలేదు.

జాకెట్ ఉన్న చిన్న క్రిస్టలైజర్ కొనాలనుకున్నాం. దానికి మైనస్ 40 అక్కర్లేదు, మైనస్ 5 చిల్లరు చాలు. హైదరాబాద్ నుంచి రెండు కొటేషన్లు వచ్చాయి, మూడోదాని కోసం చూస్తున్నాం. బ్లీచింగ్ ఎర్త్ బస్తాలు స్టోర్‌లో ఇంకా ఉన్నాయి, వాటి మీద ఎర్ర స్టిక్కర్ అంటించమని బాబాయ్‌కి చెప్పాను.